అడ్డంగా తుడిచిన గాజు పలకలు

తిరుపతి,
12-8-1998

చిరంజీవి నందినికి నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. బెంగుళూరు ముసురులో నువ్వు చెవులకు గుడ్డ కట్టుకునే తిరుగుతున్నావని తలుస్తాను.

నీ జాబు అందింది. మీ అమ్మకు కాలివాపు తగ్గింది, నోటి జోరు తగ్గలేదు. మన ల్యాబులో ఫ్యాను బాగుచేశారు. మీ గైడు ప్రేమానందం సారు టీలో ఉప్పు వేసింది నేను కాదు. ఈసారి నిజంగానే కాదు.

ఇంకొకటి అడిగావు. ఏప్రిల్‌లో ఇక్కడ నువ్వు తీసిన కొలత అక్కడి ల్యాబువాళ్లకు రావడం లేదని, నేను పలకలు ఒకే దిక్కుకు తుడిచానా అని.

నాకు నేర్పింది నువ్వే. "నాయనా, ఈ ద్రవస్ఫటికం చూసేదానికి గంజి మాదిరి ఉంటాది. లోపల అణువులు బారులు తీరి ఉంటాయి. మఖమల్ గుడ్డతో పలకను యా దిక్కుకు రుద్దితే ఆ దిక్కుకే పడుకుంటాయి. ఆ దిక్కుకే జరిపితే సులువుగా జారతాది, అడ్డంగా జరిపితే మొరాయిస్తాది" అన్నావు. నగరిలో మగ్గం నేసినవాడికి పడుగూ పేకా తెలియవా?

నీతోపాటు పరిశోధన చేసే ఆ చక్రధర్ ఒకరోజు, "గాజు తుడిచేదానికి గూడా జీతమా మామా? కోతికి నేర్పినా తుడుస్తాది" అన్నాడు. "అందుకే నిన్ను తుడవమంటా ఉండా అప్పా" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! అతని డబ్బాలో పలకల్ని అడ్డంగా తుడిచి పెట్టాను. రెండు రోజులు తల గోక్కుంటే చూసి చెబుదామనుకున్నాను.

మరునాడే వాళ్ల అవ్వ పోయిందని అతను సూళ్లూరుపేటకు వెళ్లాడు. నీ పలక పగిలింది. నేను కొట్టుగదికి పోయి వచ్చేసరికి నువ్వు అతని డబ్బా తెరిచి, మూడుసార్లు కొలిచేశావు. సులువుగా జారాల్సిన ద్రవం మూడుసార్లూ మొరాయించింది.

"కొత్త సంగతి పట్టినావే అమ్మా!" అన్నాడు సారు. నువ్వు నా వైపు చూసి నవ్వావు. ఆ నవ్వును చెరపబుద్ధి కాలేదు. రేపు చెబుదామంటూ నాలుగు నెలలు జరిపాను. మొన్న ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసింది కూడా దీనికే. "ఏం నాయనా?" అన్నావు. "తిన్నావా?" అని పెట్టేశాను.

శుక్రవారం సభలో ఆ కొలత చదవొద్దు. ఈ జాబునూ ఆ పలకల్నీ రేపు పొద్దుటి బస్సు కండక్టరు కుప్పయ్య చేతికి ఇస్తున్నాను. ఆనాటి నుంచి వాటిమీద గుడ్డ పెట్టలేదు. తొంభై డిగ్రీలు తిప్పి కొలువు, నా అబద్ధం జారిపోతుంది.

ఈ పొద్దు సారుకు చెప్పాను. నా ప్రతి కోతిపనికీ నవ్వే మనిషి, నవ్వలేదు. "ఆ బిడ్డకు చెప్పినావా?" అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు చెప్పాను.

ఇట్లు,
నీ నవ్వును నాలుగు నెలలు దొంగిలించిన
నీ నాయన,
మునిశేఖర్