తూటాల మీద తడి తువ్వాలు

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, కోడలూ, పాపా క్షేమం. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమం అని రాస్తుంటే చెయ్యి ఆగింది నాయనా. ఎందుకు ఆగిందో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. నా రాత సంగతి తెలుసు కదా, మూడో తరగతితో ఆగిన చదువు. వరసలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఓపిక పట్టు. ఏం కనిపించినా సరే, సగంలో మాత్రం పక్కన పడెయ్యకు.

నీ ఉత్తరంలో ఐదు సంగతులు అడిగావు. నాలుగింటికి ముందు చెప్తాను.

మోకాలు ముసురు పడితే మూలుగుతుంది, ఎండ కాస్తే ఊరుకుంటుంది. డాక్టరిచ్చిన పట్టీ కట్టుకుంటున్నాను. మరీ బిగించి కడితే రక్తం ఆగిపోతుందేమోనని గంటకోసారి విప్పి కాలి వేళ్ళ రంగు చూసుకుంటున్నాను. పాపకి ముందు పన్ను కదులుతోంది. నిద్రలో ఊడి గొంతులో పడుతుందేమోనని నాకు ఒకటే గుబులు. అదేమో నవ్వుతుంది. "నానమ్మా, పన్ను మింగితే అది లోపల కూచుని నా కడుపుని కొరుకుతుందా?" అని అడిగింది. ఆ మాటతో నా భయం ఇంకాస్త పెరిగింది.

వ్యాన్ మన ఇంటి ముందే ఉంది. ఖాళీ బండికి కాపలా ఎందుకమ్మా అన్నావు. అయినా రోజుకి మూడుసార్లు తలుపు లాగి చూస్తున్నాను. కోడలు చూసి, "అత్తయ్యా, దొంగలు రానక్కర్లేదు, ఇంకో వారానికి ఆ పిడి మీ చేతికే ఊడొస్తుంది" అంది. ఆ ఒక్క మాటే. ఈమధ్య ఇంట్లో గట్టిగా వినిపించిన మాట అదే. కోడలు ఎలా ఉందని అడిగావు కదా, అలా ఉంది. నువ్వు ఈ శుక్రవారం రాజీనామా కాగితం ఇస్తానని రాశాక ఆసుపత్రి బట్టల గదిలో ఉద్యోగం చూసుకుని వస్తుంది, ఇంటి పని చేసుకుంటుంది, పడుకుంటుంది. ఆమె గొంతు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు.

ఇక ఐదో సంగతి. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను. "అమ్మా, ఆ రోజు నేను తూటాల పెట్టె ముందు సీటు కింద పెట్టడం నువ్వు చూశావా, లేదా? నా మనసు నొచ్చుకుంటుందని దాచకు. ఆ తడి తువ్వాలు ఎప్పుడు తడిపానో, ఎందుకు తడిపానో కూడా నాకు గుర్తు రావట్లేదు. నాన్నకి మొదలైనట్టే నాకూ మొదలైందేమో. గురువారం తల పరీక్షకి వెళ్తున్నాను."

మీ నాన్నని నేనెలా మరచిపోతాను? యాభై దాటకుండానే ఇంటి దారి మరిచాడు. చెప్పులు చేత్తో పట్టుకుని చెప్పుల కోసం వెతికాడు. చివరికి నన్నే, "ఎవరమ్మా నువ్వు, ఇంత పొద్దుటే వచ్చావు?" అని అడిగాడు. నీకిప్పుడు నలభై ఆరు. నువ్వు రాసింది చదివి కోడలు తలుపు వైపు తిరిగి కూచుంది. నాకు తెలిసిన నిజం నా నోట్లోనే ఉంది, ఆమెకైనా చెప్పలేకపోయాను.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నాలుగుసార్లు చేశాను. నీ గొంతు వినగానే "తిన్నావా?" అన్నది తప్ప మాట రాలేదు. కాగితమైతే నా మొహం చూడదు కదా.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు గుర్తు పెట్టుకున్నదాంట్లో తప్పు ఎక్కడుందో వెతుకు. దొరకదు.

తుపాకులు కాల్చడం నేర్పే క్లబ్బు నించి ఆరు తుపాకులు మరమ్మతుకి మీ షెడ్డుకి తేవాలి. నీతో ఎప్పుడూ వచ్చే పొడుగాయనకి జ్వరం. దారిలో నువ్వు బండి దిగితే బండిలో ఇంకో మనిషి ఉండి తీరాలి, అది రూలు. వేరే మనిషి దొరక్క నన్నడిగావు. క్లబ్బు సెక్రటరీ కాగితం మీద "తోడు: మేస్త్రీ గారి తల్లి" అని రాసి నవ్వాడు. "మేస్త్రీ గారూ, ఇంతకంటే గట్టి కాపలా ఎవరుంటారు!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తుపాకీ పేరెత్తితే ఒళ్ళు చల్లబడే మనిషిని నేను. అయినా నువ్వు అడిగావని వచ్చాను.

నువ్వు ఒక్కో తుపాకీ చేతికి తీసుకుని, గొట్టం నేల వైపు పెట్టి, లోపల తూటా లేదని కంటితో చూశావు. కళ్ళు మోసం చేస్తాయని వేలు పెట్టి మళ్ళీ తడిమావు. తూటాని లోపలికి తోసే బోల్టు ఊడదీసి వేరే సంచిలో వేశావు. పొడుగు పెట్టెలో పడుకోబెట్టి, తాళం వేసి, బండి వెనక పట్టీలతో బిగించావు. అన్నీ అయ్యాక, మరమ్మతు చేసి కాల్చి చూడ్డానికి కావలసిన తూటాలున్న చిన్న ఇనప పెట్టె తెచ్చావు. దానికీ వేరే తాళం. "తుపాకీ ఒకచోట, తూటా ఒకచోట. రెండూ ఒకదాని మొహం ఒకటి చూడకూడదమ్మా" అన్నావు. వంగి నా సీటు కింద అరలోకి తోశావు. బకిల్ పెట్టి, లాగి చూశావు. మళ్ళీ లాగావు. మూడోసారి కూడా లాగావు. నేను లెక్కపెట్టాను నాయనా. మూడుసార్లు.

అంటే నువ్వు ముందు సీటు కిందే పెట్టావు. నేను చూశాను.

దారిలో టైరు దిగిపోయింది. జాకీ పట్టు జారుతోందని రోడ్డు అవతల టైర్ల షాపుకి వెళ్ళావు. వెళ్తూ నాకు చెప్పావు. "బండి దిగకు. ఎవరైనా దగ్గరికొస్తే హారన్ కొట్టు. ఏదీ ముట్టుకోకు." రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఏదీ ముట్టుకోకమ్మా, సరేనా?" అని మళ్ళీ అన్నావు. సరే అన్నాను.

మిట్టమధ్యాహ్నం. చెట్టు లేదు, నీడ లేదు. ముందు అద్దం లోంచి ఎండ నా ఒళ్ళో పడింది. ఎవడో సైకిలాయన వచ్చి అద్దంలో మొహం పెట్టి, "ఏంటి పెద్దమ్మా, వెనకాల పెట్టెలు?" అన్నాడు. "కుట్టు మిషన్లు" అన్నాను. "ఇంత పొడుగా?" అన్నాడు. "పొడుగు బట్టలు కుట్టేవి" అన్నాను. వెళ్ళిపోయాడు. అప్పటికే నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

అప్పుడు నా సీటు కాలడం మొదలైంది. చేత్తో సీటు కింద తడిమాను. ఇనప పెట్టె పొయ్యి మీది పెనంలా ఉంది. నేను తూటాల మీద కూచున్నాను నాయనా. ఎండలో మరిచిపోయిన అగ్గిపెట్టె దానంతటదే అంటుకుందని చిన్నప్పుడు ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చింది. పేలితే నేను పోతాను, పోతే పోయాను. నువ్వు రోడ్డు అవతలి నించి పరిగెత్తుకుంటూ వస్తావు, ఇంకో పేలుడుకి నువ్వూ పోతావు. నీకోసం హారన్ కొడదామనుకున్నాను. ఆ మోతకే పేలుతుందేమోనని చెయ్యి వెనక్కి తీశాను. నా బుర్ర అలాగే పనిచేస్తుంది, నీకు తెలియంది కాదు.

బకిల్ తీశాను. పెట్టె బరువుకి మణికట్టు మెలిపడింది. సీట్ల వెనక జాలీ తలుపు గడియ తీసి, వెనకవైపు నీడలో, పొడుగు పెట్టె పక్కన పెట్టాను. నీ తువ్వాలు సీటు వీపు మీద ఉంది. తాగే నీళ్ళతో తడిపి, పిండి, పెట్టె మీద కప్పాను. గడియ వేసి వచ్చి నా చోట కూచున్నాను. అప్పుడు గుండె నెమ్మదించింది. ఏదో ప్రాణం కాపాడినట్టు అనిపించింది కూడా. ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడకూడదని నువ్వన్న మాట ఆ నిమిషంలో నాకు గుర్తే లేదు.

నువ్వొచ్చి టైరు మార్చావు. వెనక తలుపు తాళం లాగి చూశావు. నా సీటు కింద మాత్రం చూడలేదు. అమ్మ కూచున్న చోటుని ఎవరు అనుమానిస్తారు?

"భయపడ్డావా?" అన్నావు. "నాకేం భయం" అన్నాను.

చెక్‌పోస్టు దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలు చూసి, తుపాకుల నంబర్లు ఒక్కొక్కటే సరిపోల్చి, "మేస్త్రీ గారూ, తూటాలు ఎక్కడున్నాయన్నారు?" అంది.

"ముందు సీటు కింద, మేడమ్."

"మరి ఇవేంటి, నడిచొచ్చాయా? తడిగుడ్డ కూడా వేశారు. వీటికి జ్వరమా?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నువ్వు నవ్వలేదు. నీ మొహంలో రంగు పోవడం నేను చూశాను. మీ నాన్న మన గుమ్మం ముందు నిలబడి ఇది ఎవరిల్లు అని అడిగిన రోజు ఆయన మొహం అలాగే ఉంది. నువ్వు నా వైపు తిరిగి, "అమ్మా, నేను ముందు సీటు కిందే కదా పెట్టాను?" అన్నావు.

నేనేమన్నానో నీకు గుర్తుంది. "నేను చూడలేదు నాయనా, కళ్ళు మూసుకున్నాను" అన్నాను.

నన్ను లోపల వేస్తారని భయం. నీ మీద అరుస్తారని భయం. ఒక భయం ఇంకో భయాన్ని తోసింది, మధ్యలో అబద్ధం బయటికొచ్చింది. అది వచ్చాక వెనక్కి పిలవడానికి ఇంకా భయమేసింది. ఇన్‌స్పెక్టరమ్మ నన్ను అడగబోతే నువ్వే అడ్డం వచ్చి, "మా అమ్మ ఆ పెట్టెల వైపు చూడను కూడా చూడదు మేడమ్, నేనే పెట్టుంటాను" అన్నావు. నన్ను నమ్మి నీ బుర్రని అనుమానించావు. తుపాకులు బండిలో తీసుకెళ్ళే నీ పర్మిట్ ఆపేశారు, వచ్చే నెల విచారణ అన్నారు, మీ షెడ్డువాళ్ళు ఆ ఊళ్ళో పెద్ద షెడ్డుకి పంపి నిన్ను ఆకురాయి పట్టుకుని కూచోబెట్టారు. నేను మాత్రం ఇక్కడ మోకాలికి పట్టీ కట్టుకుని, ఖాళీ బండి తలుపు లాగుతూ తిరుగుతున్నాను.

నిన్న పొద్దున కోడలికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, "అంటే ఆయనకేం లేదు" అంది. మళ్ళీ అంది, "ఆయనకేం లేదు కదా అత్తయ్యా?" లేదన్నాను. అప్పుడు తిట్టింది. అన్ని తిట్లు ఈ ఇంట్లో ఎవరూ తినలేదు. తిట్టి, చెప్పులేసుకుని, నన్ను లైసెన్సుల ఆఫీసుకి లాక్కెళ్ళింది.

చెక్‌పోస్టులో ఉన్న ఇన్‌స్పెక్టరమ్మే అక్కడా ఉంది. మొదట నమ్మలేదు. "కొడుకుని కాపాడుకోవడానికి వచ్చే తల్లుల్ని వారానికొకరిని చూస్తానమ్మా" అంది. కుర్చీ ఇస్తే కూచోవడానికీ భయమేసింది. కోడలు, "తువ్వాలు ఎలా కప్పారో చూపించండత్తయ్యా" అంది. బల్ల తుడిచే గుడ్డ ఒకటి అక్కడుంటే తీసుకున్నాను. వాళ్ళ స్టాంపుల డబ్బా మీద వేశాను. పొడవుగా మూడు మడతలు, రెండు చివర్లూ అడుగుకి దోపి, పైన అరచేత్తో ఒకసారి నొక్కడం. నీకు ఆరేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే పదకొండు రోజులు నీ నుదుటి మీద అలాగే వేశాను. వేరేలా వెయ్యడం నా చేతికి రాదు.

ఆమె ఫైలు తీసింది. ఆ రోజు తీసిన ఫొటో ఒకటుంది అందులో. ఫొటో చూసింది, డబ్బా చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. "రాసుకోండి" అంది గుమాస్తాతో.

అన్నీ రాయించుకుంది. నువ్వు నాకేం చెప్పి వెళ్ళావని అడిగింది. ఏదీ ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాడన్నాను. ఆ "రెండుసార్లు" అన్న ముక్క కింద గీత గీయించింది. కానీ నాయనా, నిన్ను మోసం చెయ్యకూడదు, అది కూడా రాస్తాను. "బండిలో పెట్టెల బాధ్యత మేస్త్రీదే, ఆగిన ప్రతిసారీ ఆయనే చూసుకోవాలి. విచారణ తప్పదు, మీరూ రావాలి" అంది. నీ పర్మిట్ తిరిగి వస్తుందో రాదో చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కోడలు అడిగింది, ఆమె నవ్వలేదు, కాదనలేదు.

విచారణకి వస్తాను. అంతమంది ముందు నన్ను నిలబెట్టి, ఇంత తెలివితక్కువ ముసలిదాన్ని తోడు ఎందుకు తెచ్చావని నిన్ను అడుగుతారేమో. అడిగితే వేరే మనిషి దొరకలేదని చెప్పు.

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే వెళ్ళు, వద్దనను. కానీ మీ నాన్న జబ్బు నీకు వచ్చిందని చెప్పి వెళ్ళకు. తువ్వాలు ఎప్పుడు తడిపావో నీకు గుర్తు రాకపోవడం జబ్బు కాదు. నువ్వు తడపలేదు. పెట్టె నువ్వు ముందు సీటు కిందే పెట్టావు, మూడుసార్లు లాగావు. నీ చేతులు సరిగ్గానే పనిచేశాయి. చెడగొట్టినవి నావి.

శుక్రవారం కాగితం ఇవ్వకు. చింపెయ్. కోడలు నీకు ఫోను చేస్తానంటే, నా తప్పు నేనే రాస్తానని ఆపాను. ఈ ఉత్తరం బుధవారానికల్లా అందేలా తానే వెళ్ళి పోస్టులో వేసి వస్తానంది. అందుతుందో లేదోనని నాకు అదొక భయం.

నా మీద కోపమొస్తే కోపంగానే ఫోను చెయ్యి. ఈసారి "తిన్నావా?" అని అడగను, నువ్వు ఎంత తిట్టినా వింటాను. నువ్వు మళ్ళీ బండెక్కిన రోజు నన్ను తోడు రమ్మనవని తెలుసు. ఒకవేళ ఎప్పుడైనా రమ్మంటే, ఎండ ఎంత కాసినా, సీటు ఎంత కాలినా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచుంటాను.

ఇట్లు,
ఆ తువ్వాలు తడిపిన
మీ అమ్మ