మొగ్గ తొడగని వరసలు

మే 28

ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన డైరీ ఐదు నెలలుగా ఖాళీగా పడుంది. ఇవాళ మొదలుపెడుతున్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేక.

నాకు సారికని చూస్తే ఒళ్ళు మండుతోంది.

తణుకు పిల్ల. బీఎస్సీ హార్టికల్చరట. ఇరవై నాలుగేళ్ళు. మా ఓనరు చంద్రరావుగారు తీసుకొచ్చి సూపర్‌వైజర్ని చేశారు. ఈ కడియపులంక నర్సరీలో పదహారేళ్ళుగా మేస్త్రీని నేను. అంటు కట్టాలన్నా కుండీ మార్చాలన్నా ఆయన నన్నడగందే కదిలేవారు కాదు. ఇవాళ నన్ను దాటుకుంటూ వెళ్ళి, ఏంటమ్మా సారికా, ఎండ ఎక్కువైందంటావా అని ఆ పిల్లనడిగారు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో నీళ్ళ పైపు కూడా ఉంది. ఆ పైపు ఎవరి మీదికీ తిప్పలేదు, అది నా మంచితనం.

మే 29

చామంతి చలికాలం పువ్వు. పొద్దు తగ్గితేనే మొగ్గేస్తుంది. దాన్ని శ్రావణంలో పూయిస్తుందట మహాతల్లి. రోజూ సాయంత్రం ఐదున్నరకి షెడ్డు మీద నల్లగుడ్డ దించేసి, పొద్దున్న ఏడున్నరకి తీస్తే, పొద్దు తగ్గిపోయిందని మొక్క మోసపోతుందట. గుడ్డ దించాక లోపలికి ఎవరూ లైటు పట్టుకెళ్ళకూడదండి అని అందరికీ చెప్పింది. చీకటి మధ్యలో తెగితే మొక్క మొగ్గ మానేసి ఆకులేసుకుంటూ కూర్చుంటుందట.

వరలక్ష్మీ వ్రతానికి మూడు వేల కుండీలు ఆర్డరు. ఆగస్టు ఐదుకి అన్నీ పూస్తే నర్సరీ మొత్తం సారిక చూసుకుంటుందనీ, పూయకపోతే ఇంటికి పంపేస్తాననీ చంద్రరావుగారు అందరి ముందూ అన్నారు. నేనూ అందరి ముందే అన్నాను, ఆ షెడ్డుతో నాకు పనిలేదు, పూసినా ఎండినా అటు తొంగిచూడను అని.

జూన్ 2

అన్నానే గానీ, చూడకుండా ఉండలేకపోతున్నాను. పగలు వెళ్తే అందరూ నవ్వుతారు. అన్నం వార్చేసి, ఎనిమిదింటికి చార్జింగ్ లైటు పట్టుకుని బయల్దేరాను. ఎక్కడికే అని మా ఆయన గంగయ్య అడిగితే, కోళ్ళగూడు మూశానో లేదో చూసొస్తానన్నాను. నర్సరీలోనే ఇచ్చిన మా క్వార్టర్ వెనక నుంచి షెడ్డు వెనక తలుపుకి నాలుగడుగులే.

లోపల ఉడికిపోతోంది. నడవలో గొంతుక్కూర్చుని కొసకొసా వెతికాను. ఐదు రోజులకే మొగ్గ రాదని నాకు తెలుసు. అయినా వెతికాను. లేవు. హాయిగా నిద్రపట్టింది.

జూన్ 6

ఇవాళా వెళ్ళాను. లేవు.

జూన్ 15

పనివాళ్ళు ఆ పిల్లని మేడమ్ అంటున్నారు. నేను పదహారేళ్ళయినా తులసక్కనే. రామతులసి గారూ అని ఒక్కరైనా ఒక్కసారైనా పిలిచిన పాపాన పోలేదు.

రోజూ వెళ్తున్నాను. ఈ చిన్న లైటుకి ఏమైపోతుంది. చలికాలంలో పువ్వు ఆలస్యం చేయడానికి తోటల నిండా బల్బులు వెలిగిస్తారు గానీ, అవి వందల బల్బులు. మొక్కేమన్నా కరెంటు మీటరా, ఇంత చిన్నదాన్ని కూడా లెక్కపెట్టుకోవడానికి.

జూన్ 21

నిన్న గాలివానకి నల్లగుడ్డ చిరిగింది. మీ కుట్టే బాగుంటుందక్కా అని సారిక నన్నే అడిగింది. కాదనలేకపోయాను. మధ్యాహ్నం గుడ్డ దించేసి లోపల చీకట్లో కూర్చున్నాం. చిల్లు ఎక్కడుంటే అక్కడ ఎండ చుక్క కనిపిస్తుంది. తను వేలుపెట్టి చూపించడం, నేను కుట్టడం. సూది బెజ్జమంత కూడా వదలనివ్వలేదు.

కుడుతుంటే చెప్పింది. వాళ్ళమ్మ ఏసమ్మగారు ప్రతి ఆదివారం చర్చిలో ఈ చామంతుల కోసం ప్రార్థన పెట్టిస్తోందట. వరలక్ష్మీ వ్రతం పువ్వులని పాస్టరుగారికి చెప్పలేదట. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పిల్లతో నవ్వినందుకు తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.

రాత్రి మళ్ళీ వెళ్ళాను.

జూన్ 29

మొగ్గలొచ్చాయని పనివాళ్ళంతా ఒకటే సంబరం. రాత్రి నడవ పొడుగునా చూశాను, ఒక్కటీ లేదు. మేడమ్ మెప్పు కోసం ఎంత అబద్ధమాడుతున్నారో.

జూలై 5

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

పొద్దున్న సారిక ఒక కాయితం తెచ్చి చూపించింది. షెడ్డు గీసి, మొగ్గలొచ్చిన కుండీలకి పసుపు రంగు, రాని వాటికి ఆకుపచ్చ రంగు వేసింది. అంచుల్లో, మూలల్లో అంతా పసుపే. వెనక తలుపు దగ్గర మొదలై మధ్య నడవకి అటూ ఇటూ ఆకుపచ్చ. షెడ్డు చివరికంటా. నేను గొంతుక్కూర్చునే చోట్ల ఇంకా వెడల్పు.

గుడ్డలో చిల్లు ఎక్కడైనా మిగిలిందేమో, గేటు దగ్గర దీపం పడుతోందేమో అని పాపం దేవులాడుతోంది. ఎవరో నడిచినట్టుంది కదక్కా అంది. నాకు తెలీదన్నాను.

జూలై 6

వెళ్ళలేదు. ఇప్పుడు మానేసినా ఆ వరసలు వ్రతానికి అందవు. మొగ్గేశాక విచ్చడానికే నెల పైన పడుతుంది.

ఇక్కడ అబద్ధం రాయను. భయంగా ఉంది. సగం సంతోషంగానూ ఉంది.

ఆగస్టు 5, పొద్దున్న

ఎంత బాగా పూశాయో. పూసినవి.

మిగతా సగం గుబురుగా, పచ్చగా, పువ్వు అన్న ఊసే లేకుండా ఉన్నాయి. చంద్రరావుగారు నడవలో అటూ ఇటూ తిరిగారు. ఆయనా నర్సరీల్లో పుట్టి పెరిగినవాడే. లైటుతో లోపలికి వచ్చిందెవరని అడిగారు. సారిక నా వైపు చూసింది. అప్పుడర్థమైంది నాకు, ఆ పిల్లకి ఎప్పుడో తెలుసని. తర్వాత ఆయనతో, నేనేనండి, మొగ్గొచ్చిందో లేదో ఆగలేక వెళ్ళానండి అని చెప్పేసింది.

రేపు సర్దుకుని వెళ్ళిపొమ్మన్నారు.

ఆగస్టు 5, సాయంత్రం

ఎందుకలా చెప్పావని అడిగాను. నాకు ఇంకోచోట దొరుకుతుందక్కా, మీకు ఇల్లు కూడా ఇక్కడే కదా అంది. నన్ను చూసి జాలిపడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల.

చదువులో మించింది, పనిలో మించింది, సరే. మంచితనంలో కూడా నాకంటే ఎక్కువేనా. ఇది మాత్రం నేను ఒప్పుకోను. ఇల్లు పోతే పోనీ. పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను.

ఆగస్టు 6

చెప్పేశాను. ఎనిమిది గంటలు, చార్జింగ్ లైటు, క్వార్టర్ వెనక దారి, అన్నీ.

చంద్రరావుగారు మొత్తం విన్నారు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పిల్లని కాపాడ్డానికి తప్పు నీ నెత్తినేసుకుంటున్నావు, పదహారేళ్ళుగా చూస్తున్నాను, నీ మనసు నాకు తెలీదా రామతులసీ అన్నారు. కాదండి, నిజంగా నేనేనండి అని ఎంత మొత్తుకున్నా వినలేదు. పైగా పనివాళ్ళందరినీ పిలిచి, మనిషంటే ఇలా ఉండాలని చెప్పారు. షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర సారిక బ్యాగు పట్టుకుని ఆటో ఎక్కుతోంది.

ఆగస్టు 20

ఇవాళ అందరూ నన్ను రామతులసి గారూ అన్నారు.

సారిక బుర్రిలంక నర్సరీలో చేరిందట. అక్కడి షెడ్డు మాదానికంటే పెద్దదట. చూడాలని ఉంది. పగలు వెళ్తాను.