అప్పలమ్మ ఇడ్లీ బండికి సలహా

ఏమండీ, మీ సంవత్సరీకం ఈరోజు సక్రమంగా జరిగింది. భోజనాలయ్యాక, స్టీల్‌ప్లాంట్ బస్సులు ఆగేచోట ఇడ్లీ బండి పెట్టిన అప్పలమ్మ మీ సలహా కోసం వచ్చింది. మీరు లేరని చెప్పాను.

"అయితే మీరే సెప్పండమ్మా. మూణ్ణెల్లయినా బేరం నేదు. బండి అమ్మేద్దారనుకుంతన్నాను."

"ఎన్నింటికి తెరుస్తావు?"

"ఏడింటికమ్మా."

"ఉదయం షిఫ్టు వాళ్ల బస్సు ఐదున్నరకే వెళ్లిపోతుంది. ఇడ్లీలు ఎవరు తింటున్నారు?"

"కుక్కలమ్మా."

నాలుగున్నరకే పొయ్యి వెలిగించమని, నెల చూశాకే అమ్మకం సంగతి ఆలోచించమని చెప్పాను. సలహాకొచ్చినవాళ్లంతా మీకిచ్చినట్టే ఐదు రూపాయలిచ్చింది. ఊరికే చెప్పిన మాట ఎవరూ పాటించరని మీరంటే, పేదవాళ్ల దగ్గర రుసుమేమిటని నేను పోట్లాడేదాన్ని. ఈరోజు తీసుకున్నాను.

సలహాకి ఇంకెవరైనా వస్తే పంపమన్నాను, మీ వేళల్లోనే, ఆదివారం పది నుంచి పన్నెండు వరకు.