రెడ్యా ఎడమచెయ్యి

మణుగూరు,
అక్టోబర్ 9, గురువారం.

సుజనకు,

నీ ఒంట్లో నలతేమీ లేదని, డ్యూటీలు మరీ నలిపేయడం లేదని అనుకుంటూ మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేను, సాహిత్య ఇద్దరం బాగానే ఉన్నాం. దానికి పై వరసలో ముందుపన్ను ఊడింది. నువ్వు చూడాల్సిందేనని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది, ఈ ఉత్తరంతోపాటు వస్తుంది. పారేయకు, నిన్ను అడుగుతుంది. వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోలేదు. వంటింటి మూల కారేచోట రేకు మార్చాను.

నీతో పనిచేసే పాల్వంచ సాయిప్రియ సెలవు అయిపోయి ఆదివారం మస్కట్‌కు తిరిగి వస్తోంది కదా, గోంగూర పచ్చడితోపాటు దీన్నీ ఆమె చేతికిస్తున్నాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళకు ఉత్తరమెందుకని నవ్వింది. ఫోన్‌లో నేను ఒక మాట అంటే నువ్వు రెండు అడుగుతావు. ఇది మధ్యలో ఎవరూ ఆపకుండా చివరిదాకా చెప్పవలసిన సంగతి.

పోయిన నెల ఆమె చేతే నువ్వు పంపిన ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది తేలిక. మీ వార్డులో గిటార్ వాయించే ఫిలిప్పీన్స్ నర్సు, మీ ఆయనకు నచ్చిన రాక్ గిటారిస్టులెవరని అడిగిందన్నావు. మొదటి పేరు మాల్కమ్ యంగ్ అని చెప్పు. ఎప్పుడూ వెనక, ఆంప్లిఫయర్ పక్కన నిలబడేవాడు. సోలోల జోలికి పెద్దగా పోడు, వెనక తాళం పట్టే రిథమ్ మాత్రం గోడలో మేకు దిగినట్టు ఉంటుంది. ఆయన్ని విన్నాకే నేను తీగల్ని ఊరికే గీకడం మానేసి, చెయ్యి ఎక్కడ ఆపాలో నేర్చుకున్నాను. రెండోవాడు మార్క్ నాఫ్లర్. ఆయన పిక్ లేకుండా వేళ్ళతోనే మీటుతాడని తెలిసి ఏడాదిపాటు నేనూ పిక్ ముట్టలేదు. గోళ్ళు విరగ్గొట్టుకుని నీచేత చీవాట్లు తిన్నది అప్పుడే. మూడోవాడు గిల్మోర్, ఒక్క స్వరాన్ని వంచి, దాన్ని అలాగే గాలిలో నిలబెట్టి ఊరుకుంటాడు. ఆ ఓపిక నాకెన్నడూ పట్టుబడలేదు. రిథమ్ వాయించేవాడి ధ్యాసంతా వచ్చే దెబ్బ మీదే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకో, కింద అవసరమవుతుంది.

రెడ్యా సంగతి నీకు తెలుసు. తండా నుంచి మా లారీల వర్క్‌షాప్‌కు సైకిల్ మీద వచ్చే రోజుల్లోనే వాడి చెవుల్లో హెండ్రిక్స్ గిటార్ మోగేది. మా ఇద్దరిలో అసలైన వాద్యకారుడు వాడే. నేను వెనకుండి వాడికి దారి వేసేవాణ్ణి. వాడికి అందరికంటే టోనీ అయోమీ అంటే ప్రాణం. టీ తాగేటప్పుడు ఎవరు కొత్తగా కనబడినా ఆ కథ మొదలుపెట్టేవాడు. "ఫ్యాక్టరీల మిషన్ కింద రెండు వేళ్ళ కొసలు పోయినయి. ఏం జేసిండనుకున్నరు? ప్లాస్టిక్ సీసా కరగబెట్టి తొడుగులు జేసుకున్నడు. తీగలు వదులు జేసిండు. గందుకే గా మోత గంత బరువుంటది." మేం నవ్వి, నీ కథ చాలుగానీ టీ చల్లారుతోంది అనేవాళ్ళం.

నాలుగు నెలలుగా మా వాయింపు రికార్డు చేసి పంపడం ఎందుకు మానేశానన్నది నీ రెండో ప్రశ్న. రెడ్యా అన్న ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, చెయ్యి ఇంకా మానలేదా అన్నది మూడోది. రెండింటికీ ఒకటే జవాబు.

జూన్‌లో రెడ్యాకు పనిలో చెయ్యి నలిగిందని, వాడే తొందరపడ్డాడని నీకు చెప్పాను. నలగడం కాదు. ఎడమచేతి నడిమివేలు, ఉంగరపు వేలు, రెండింటి కొసలూ మొదటి కణుపు దాకా పోయాయి. తొందరపడింది వాడు కాదు, నేను.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు బొగ్గు టిప్పర్‌ను జాకీ మీద ఎత్తాం. రెడ్యా పక్కనుంచి చెయ్యి చాపి ఇరుసు కింద చెక్కదిమ్మ సర్దుతున్నాడు. నేను జాకీ దగ్గర కూర్చున్నాను. వాడు చెయ్యి తీసి, సరేనన్నట్టు "అవ్" అన్నాక నేను వాల్వు తిప్పి బండిని దిమ్మ మీదికి దించాలి. పదేళ్ళుగా చేస్తున్న పనే. కాలనీ క్లబ్బులో వాయించాల్సిన కొత్త వరస ఒకటి అంతకుముందే అనుకున్నాం. నా నాలుక దాని తాళం వేస్తూనే ఉంది. తాళం పడేచోటు వచ్చింది, నా చెయ్యి దానంతటది తిరిగింది. వాడు "అవ్" అనలేదు.

బండి దిగింది రెండంగుళాలే.

సారపాక వంతెన దాటి భద్రాచలం దవాఖానా చేరేదాకా వాడు ఆటోలో నా భుజం మీద తల ఆనించి ఒకటే మాట అన్నాడు. "నేనే తొందరపడ్డ కిట్టన్న. చెయ్యి తియ్యకముందే అవ్ అన్ననేమో." నొప్పిలో వాడికి గుర్తులేదు. నాకు గుర్తుంది. కాదురా అనడానికి నోరు తెరిచాను. "ముందు మాట్లాడకు, ఊపిరి తీసుకో" అని మాత్రం వచ్చింది.

మూడోరోజు ఓనరు రామారావు గారు ఒక కాగితం రాయించారు. జాగ్రత్తలు చెప్పినా వినకుండా రెడ్యా చెయ్యి పెట్టాడని అందులో ఉంది. "సాక్షి సంతకం నువ్వు చెయ్యవయ్యా, పక్కన ఉన్నది నువ్వే కదా" అన్నారు. చేశాను సుజనా. ఆ కాగితం మీదే, నిర్లక్ష్యపు మనిషిని బండ్ల దగ్గరికి రానివ్వకూడదని వాణ్ణి పనిలోంచి తీసేశారు.

గాయం మానాక, ఆగస్టులో, రెడ్యా మన ఇంటికి వచ్చాడు. కట్టు లేని చెయ్యి మొదటిసారి చూశాను. సాహిత్య భయపడకుండా దగ్గరికెళ్ళి "నొప్పి ఉందా మామా" అని అడిగింది. "లేదు బిడ్డా" అని నవ్వి, నా వైపు తిరిగి, "అయోమీ లెక్క తొడుగులు చెయ్యాలె. నీకు కొలతలు బాగొస్తయ్ గద" అన్నాడు.

ఆ నెలంతా నేనేం చేశానో నీకు చెప్పలేదు. ప్లాస్టిక్ ముక్కల్ని వేడిచేసి, ఆకురాయితో అరగదీసి, లోపల మెత్తని తోలు అతికించి, వాడి వేళ్ళకు తొడిగి చూసేవాణ్ణి. ఒకటి బిగుతయ్యేది, ఒకటి జారిపోయేది. వాడు గిటార్ తీగల్ని వదులు చేసి, తొడుగులతో నొక్కి చూసేవాడు. తీగ కింద ఏముందో వేలికి తెలియక స్వరం పక్కకు పోయేది. అప్పుడు కుడిచేత్తో ఎడమచేతి మీద కొట్టుకునేవాడు. "దీనికి బుద్ధి లేదు. బండి కింద పెట్టినప్పుడు లేదు, ఇప్పుడూ లేదు" అనేవాడు. నేను తల వంచి తోలు కత్తిరించేవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ, ఈ తొడుగు సరిగ్గా కుదరనీ, అప్పుడు చెబుతాను అనుకున్నాను. కుదిరిన రోజు వాడి సంతోషం చూసి, ఇవాళ వద్దు అనుకున్నాను.

సెప్టెంబర్ మొదటి ఆదివారం రెడ్యా ఇంట్లో శ్రావణి టీ ఇచ్చి, భర్త ముందే నాతో అంది. "అన్నా, నువ్వన్న చెప్పు. నిద్రల కూడ నేనే చెయ్యి పెట్టిన, నేనే పెట్టిన అంటుండు. పిల్లలు భయపడుతున్నరు." రెడ్యా గిటార్ మీద చూపు దించాడు. ఇంక నావల్ల కాలేదు.

"నువ్వు అవ్ అనలేదు రెడ్యా. నేనే ముందు తిప్పిన. నా ధ్యాస తాళం మీద ఉండె."

శ్రావణి చేతిలోని పళ్ళెం కింద పెట్టి నిలబడిపోయింది. రెడ్యా ఒక్కొక్క తొడుగూ తీసి గట్టు మీద పెట్టాడు.

"గా కాగితం మీద సంతకం?"

"నాదే."

"తెలిసే చేసినవా?"

"తెలిసే."

వాడు తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు తన ఎడమచేతిని కుడిచేతిలోకి తీసుకుని, దానివైపే చూస్తూ చాలా మెల్లగా అన్నాడు. "ఇన్ని దినాలు దీన్ని తిట్టుకున్న గద కిట్టన్న. ఇది ఏం జేసింది?" ఆ తర్వాత, "పో" అన్నాడు.

మర్నాడు నేను రామారావు గారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, బల్ల మీద ఉంచాను. ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "మన ఊరివాడివని పనిలో పెట్టుకున్నాను. వాడి కోసం నువ్వు నీ అన్నం కాలదన్నుకుంటావా?" అన్నారు. వాడి కోసం కాదండీ, జరిగింది అదే అన్నాను. "సరే, నిర్లక్ష్యం నీదైతే నువ్వు బయటికి నడువు" అన్నారు. నడిచాను. ఆ కాగితం నకలు కార్మిక శాఖ ఆఫీసులో కూడా ఇచ్చి వచ్చాను. దాంతో రెడ్యాను మళ్ళీ పిలిచారు, ఇప్పుడు స్టోరులో సామాను ఇచ్చే పని. నేను రోజూ బస్సెక్కి భద్రాచలం పోయి ఒక ట్రాక్టర్ల షెడ్డులో చేస్తున్నాను. నీకు వర్క్‌షాప్ మారానని చెప్పింది దీని గురించే. అది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. దానికి కూడా నీకు క్షమాపణ చెప్పుకోవాలి.

నెల రోజులు రెడ్యా నాతో మాట్లాడలేదు. బజారులో ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. మొన్న శనివారం సాయంత్రం క్లబ్బులో కార్యక్రమమని, వాడు ఒక్కడే వాయిస్తాడని, నన్ను రావద్దన్నాడని శ్రావణి కబురు చేసింది. నేను లోపలికి పోలేదు. సాహిత్యను శ్రావణి పక్కన కూర్చోబెట్టి, నేను ప్రహరీ బయట రోడ్డు మీద నిలబడ్డాను.

మొదట శబ్దం చాలా బరువుగా, మసకగా వచ్చింది. తీగల శ్రుతిని బాగా కిందికి దించాడు. వాడి పాత వేగం లేదు. ఒక స్వరం నొక్కి, అది దొరికిందో లేదో చూసుకుని, అప్పుడు తర్వాతి దానికి పోతున్నాడు. వెనక రిథమ్ లేదు. ఆ ఖాళీలు నావి. నా కుడిచెయ్యి తొడ మీద తాళం వెయ్యబోతే పిడికిలి బిగించి ఆపుకున్నాను. మధ్యలో ఒకచోట మూడో తీగ తప్పింది. ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. మళ్ళీ అక్కడికే వచ్చి, ఇంకో రెండుసార్లు తప్పి, మళ్ళీ వచ్చాడు. లోపల జనం చప్పట్లు కొట్టారు. నేను గోడకు చేరబడ్డాను.

కార్యక్రమం అయ్యాక గేటు దగ్గరికి సాహిత్య వాడి కుడిచెయ్యి పట్టుకుని వచ్చింది. భుజానికి గిటార్ సంచి. నన్ను చూసి ఆగాడు. వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఇన్నవా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

"విన్న."

"మూడో తీగ తప్పింది."

"అవ్."

"ఎన్నిసార్లు?"

బాగుందని, తప్పులేవీ వినబడలేదని చెప్పాలనిపించింది. "మూడుసార్లు" అన్నాను.

వాడు సాహిత్య చెయ్యి వదిలి, దాన్ని నా వైపు ఒక అడుగు నెట్టాడు. "నాలుగు" అని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇదీ జరిగింది. నువ్వు కోపంగా జవాబు రాసినా పూర్తిగా చదువుతాను. రెడ్యాకు మాత్రం ఇప్పుడే ఫోన్ చెయ్యకు, వాడు ఎత్తే రోజు వాడే చూసుకోనీ. వేళకు తిను.

ఇట్లు,
నీ దగ్గర ఇక దాచిందేమీ లేని
సాహిత్య వాళ్ళ నాన్న,
వెంకటకృష్ణ