ఇరవయ్యో ఎపిసోడ్‌లోనూ చీరే

నవంబర్ 9

గౌరి వదిన కథల యాప్‌లో తను రాసే సీరియల్‌కి ఇరవయ్యో ఎపిసోడ్ పెట్టింది. కథేమిటయ్యా అంటే, హీరోయిన్ చీర కట్టుకుంటోంది. మొన్నా అదే, అటుమొన్నా అదే. నెమలికంఠం రంగు పట్టు, జానెడు జరీ అంచు, పల్లూ నిండా హంసలు, ఒక్కో హంస కంట్లో ఒక్కో కెంపు. కుచ్చిళ్లకే రెండు పేజీలు. వాకిట్లోకి మొగుడొచ్చే వేళయింది, తలుపు తియ్యాలి. తియ్యదు. వడ్డాణం దొరకలేదట!

రాసేదేమో నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుతూ. ఛీ.

నవంబర్ 12

ఈ చెత్తకి వేలమంది రీడర్స్. నా బీఈడీ రికార్డు ఒక్కరూ తెరిచి చూడరు.

నవంబర్ 20

వినోద్ అన్నయ్య పనిచేసే గుజరాత్ బోటు మునిగి రెండు నెలలు దాటింది. మిగతావాళ్ల శవాలు కొట్టుకొచ్చాయి. అన్నయ్యది రాలేదు. అందుకే కర్మ జరగలేదు, వదిన మెడలో పుస్తెలు అలాగే ఉన్నాయి. ఊరందరికీ అదే కంటగింపు.

ఇవాళ కులపెద్ద కూర్మయ్య మావ వచ్చాడు. శవం బదులు దర్భబొమ్మ చేసి కాల్చేద్దామట. పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కట్టించి, గౌరి పుస్తెలు తీయించేద్దామట. అమ్మ తలూపింది. వదిన ఇప్పుడే వద్దంది. ఎవరూ వినలేదు.

సాయంత్రానికి కొత్త ఎపిసోడ్. హీరోయిన్‌కి కట్టిన పట్టుచీర నచ్చలేదట, విప్పేసి గులాబీరంగు బనారస్ మొదలుపెట్టింది. అన్నయ్య పోయిన ఇంట్లో కెంపులూ పచ్చలూనా? ఇదెక్కడి బుద్ధి?

నవంబర్ 23

ఉండబట్టలేక అడిగేశాను. ఆ మహాతల్లి చీర కట్టడం ఎప్పటికవుతుంది, కథ నడపడం చేతకాకపోతే మానెయ్యొచ్చుగా అన్నాను. వదిన చేపలు తిరగేస్తూనే చెప్పింది.

"సీర కట్టడం అయిపోతే తలుపు తియ్యాల కదా, శ్రావణీ. తీస్తే మీ అన్నయ్య లేడని తెలిసిపోద్ది."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ఎవరి మీద కోపమో తెలీలేదు.

నవంబర్ 24

ఇంకొన్నాళ్లు ఆగమని కూర్మయ్య మావ కాళ్లావేళ్లా పడ్డాను. ఆగితే ఆడు నడిసొస్తాడేటి అన్నాడు. ఆయనకి పంచాంగం తప్ప మనిషి పట్టడు.

డిసెంబర్ 1

అయిపోయింది.

వదిన వాళ్లమ్మ గున్నమ్మ చీర తెచ్చింది. చుట్టూ మూగిన ఆడవాళ్లు మడత విప్పించి, అంచు నలిపి చూసి, పట్టు కాదు మిక్సింగ్ అని మూతులు తిప్పారు. పుస్తెలు తీసే చోట కూడా వీళ్లకి జరీ కావాలి. వదిన రాతల్ని పనికిమాలినవని నవ్విందీ వీళ్లే. నేనూ నవ్వాను లెండి.

వదిన ఆ చీర రెండు నిమిషాల్లో చుట్టేసుకుంది. తర్వాత ఫోను నా ఒళ్లో పడేసింది. ఇంక రాయనంది.

డిసెంబర్ 4

వదిన పడుకునే ఉంది. ఎపిసోడ్ నేను రాశాను. బనారస్ కూడా నచ్చలేదని విప్పించేశాను. ఇప్పుడు పసుపు పట్టు, కుచ్చిళ్లకి నాలుగు పేజీలు.

చండాలంగా ఉంది. పోస్ట్ చేశాను.