పోశన్న హాజరు

రాజురా, గురువారం రాత్రి

నిద్ర వస్తలేదు. నా మెట్రిక్ క్లాసుల ఉన్న పిల్లగాని తండ్రి, లక్కడ్‌కోట్ పోశన్న, నాలుగు దినాల సంది బడి వరండాల పొద్దంత కూసుంటుండు. ఏదో కచేరి పని మీద వచ్చిండనుకున్న. ఇయ్యాల అడిగిన.

"కొడుకు పత్తి ఏరుతుండు సార్. వాని బదులు నేనొచ్చిన. ఇంటికొకలు రావాలని మీరే అంటిరి గద!"

అన్నది నిజమే. హైదరాబాద్ రాజ్యం పోయి రాజురా బొంబాయి రాష్ట్రంల కలిసినంక, బడి రూల్స్ మారినయి, మీటింగ్‌కు ఇంటికొకలు రావాలని తల్లిదండ్రులకు అన్న. పిల్లల హాజరు మీద వచ్చిన మరాఠీ నోటీసు తెలుగుల చదివి చెప్పింది నేనే. ఆయన రోజు హాజరును సుత వెట్టి లెక్కనే అనుకున్నడు. దొర పనికి ఇంటికొకలు పోతే చాలు, ఎవలైతేంది?

హాజరు తక్కువున్నోళ్ల పరీక్ష ఫారాలు పంపనని చాందాకెల్లి వచ్చిన హెడ్మాస్టర్ సాయంత్రం చెప్పిండు. పోశన్న కొడుక్కు సరిగ్గ నాలుగు దినాలే తక్కువ.

"రూల్స్ తండ్రికి సమజ్ చేసినవా?" అని నన్నడిగిండు.

"చేసిన సార్" అన్న.

నా నౌకరీ ఇంక పక్కా కాలేదు...

బయట పోశన్న పోయేటప్పుడు చేతులు జోడించి, "రేపు సుత పొద్దుగాలనే వస్త సార్" అన్నడు.