మెకానిక్ మాటలు కొట్టేస్తే

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని అమ్మ చెప్పింది. నీ మీద నాకు కోపంగా ఉందని కూడా నీకు చెప్పే ఉంటుంది. నిజమే.

నేను రాస్తున్న అంతరిక్షపు సీరియల్ చూసి, "ఆ కెప్టెన్ నేనే కదా! నన్నంత రాక్షసిలా రాశావేమే?" అని అడిగావు. అమ్మ ఫోన్ చేసి, "సొంత అక్కని ఆకాశానికెక్కించి మరీ పరువు తీశావు కదే" అంది. కెప్టెన్ ఎవరో అందరికీ కావాలి. ఆమె వెనకాల పనిముట్ల సంచీ మోసుకు తిరిగే మెకానిక్ పిల్ల ఎవరని ఒక్కరూ అడగలేదు.

నువ్వడిగినవాటికి జవాబులు: దగ్గు తగ్గింది. గది మారలేదు. కిటికీ రెక్క ఇప్పటికీ సరిగ్గా పడదు, అట్టముక్క దోపాను. పని సంగతే కాస్త చెప్పాలి.

మా రచయితల గదిలో ఒక పద్ధతి ఉంది. ఎపిసోడ్ రాసివ్వగానే మా ప్రధాన రచయిత (అందరం పెద్దాయన అంటాం) తోడు పాత్ర మాటలన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, మిగిలింది పైకి చదువుతాడు. కథ ఎక్కడా కుంటకపోతే ఆ పాత్ర దండగ. ఆరో ఎపిసోడ్‌లో నేను మెకానిక్‌కి రాసినవన్నీ "ఇదేంటి కెప్టెన్?", "ఇప్పుడెలా కెప్టెన్?" లాంటివే. కొట్టేశాడు. చదివాడు. కథ నున్నగా జారిపోయింది.

"చూశావా అమ్మాయ్, ఈ పిల్ల లేకపోయినా ఓడ ఆగలేదు. ఏడులో చంపేద్దాం."

ఆ వేషం వేసే అమ్మాయి గుమ్మంలోనే ఉంది. "చచ్చేముందైనా ఒక్క సొంత మాట ఇప్పించండి సార్, ఇంట్లోవాళ్లకి చూపించుకోవాలి" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఏడో ఎపిసోడ్ తిరగరాశాను. మెకానిక్ ఓడెక్కింది కెప్టెన్ కోసం కాదు, ఒక గ్రహం మీద ఆగిపోయిన వాతావరణ కేంద్రాన్ని మళ్లీ నడపాలని. ఆ గ్రహం దాటేసి పొమ్మంటుంది కెప్టెన్. "నేను ఇంజన్ స్టార్ట్ చేయను" అంటుంది మెకానిక్. ఆ మాటలు కొట్టేసి చదివితే కెప్టెన్ గాలితో కొట్లాడుతున్నట్టుంది. పెద్దాయన పెన్సిల్ కింద పెట్టేశాడు. "ఇప్పుడొచ్చింది మనిషి. దీన్ని చంపితే చూసేవాళ్లు మనల్ని చంపుతారు."

ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. రెండో పళ్ల క్లినిక్ తెరుస్తున్నావనీ, ఏడాదిపాటు వచ్చి రిసెప్షన్‌లో కూర్చోమనీ. "నీది రాసుకునే పనేగా, ఎక్కడైనా రాసుకోవచ్చు" అన్నావు.

ఒకటి నీ దగ్గర దాచాను. నీ మొదటి క్లినిక్‌లో సాయంగా ఉండటానికి వచ్చినప్పుడు నాకు పనేమీ దొరకలేదని చెప్పాను. అబద్ధం. ఒక పత్రికలో ఉద్యోగం వచ్చింది, వద్దని రాసేసి వచ్చాను. నువ్వు బలవంతపెట్టలేదు. "మా చెల్లి, నాకు తోడొచ్చింది" అని నువ్వు పేషెంట్లకి చెబుతుంటే హాయిగా ఉండేది. నీ పక్కన ఉన్నంతకాలం నీకేం కావాలే అని నన్నెవరూ అడగరు కదా. నీకు సాయం చేస్తున్నానని అందరూ అనుకున్నారు. నీ వెనక దాక్కున్నానక్కా. మొన్న నీ ఉత్తరం చదవగానే కూడా అలవాటుగా పెట్టె దించి సగం బట్టలు సర్దేశాను.

అమ్మ ఏడుస్తుంది. నువ్వు కొన్నాళ్లు మాట్లాడవు. తెలుసు.

నేను రావడం లేదు. రిసెప్షన్‌కి వేరే మనిషిని చూసుకో.

ఇట్లు,
నీ చెల్లెలు